అట్లు వేసే చేతికి క్రెప్ నేర్పడం

అట్లు వెయ్యడం నాకు పదేళ్లప్పటి నుంచీ వచ్చు. సరిగ్గా అదే నా కొంప ముంచింది.

మాది రావులపాలెం పక్కన చిన్న పల్లెటూరు. మా ఇంట్లో పొద్దున్న టిఫిన్ అంటే వారంలో నాలుగు రోజులు ఏదో ఒక అట్టే. మినపట్టు, పెసరట్టు, మజ్జిగ బాగా పులిస్తే పుల్లట్టు. ఇక అట్లతద్దికి సరేసరి. వాయనాలకి పదకొండేసి చొప్పున లెక్కపెట్టుకుంటూ వేస్తుంటే, మనసు ఎక్కడున్నా చెయ్యి మాత్రం తనంతట తనే తిరుగుతూ ఉండేది. పెనం నడిమధ్యలో పిండి పొయ్యడం, గరిటె అడుగుతో లోపల్నుంచి బయటికి చుట్లు చుట్టుకుంటూ పోవడం, అంతే.

ఆ చెయ్యి వెంటేసుకుని మాస్టర్స్ చదవడానికి ఫ్రాన్స్‌లోని రెన్ నగరానికి వచ్చాను. రెన్ బ్రిటనీ ప్రాంతంలో ఉంది. క్రెప్‌లు, అంటే మైదా, గుడ్లు, పాలు కలిపి వేసే పల్చటి అట్లు, ఫ్రాన్స్ అంతా తింటారు గానీ వాటి పుట్టిల్లు ఏదంటే అందరూ చెయ్యి చూపించేది ఈ పడమటి మూలకే. ప్యారిస్‌లో కూడా మోఁపర్నాస్ స్టేషన్ దగ్గర క్రెప్ హోటళ్లు గుంపుగా కనిపిస్తాయి. బ్రిటనీ రైళ్లు ఆగేది అక్కడే మరి.

దిగిన వారానికే పాత ఊళ్లో, గోడల్లోంచి చెక్క దూలాలు బయటికి కనిపించే ఇళ్ల మధ్య నడుస్తూ ఒక హోటల్ కిటికీ దగ్గర ఆగిపోయాను. లోపల దాదాపు 40 సెంటీమీటర్ల నల్లటి గుండ్రటి పెనం. పోత ఇనుము. దాన్ని బ్రెటన్ భాషలో బిలిగ్ అంటారట. ఒకతను దాని మీద గరిటెడు పిండి పోసి, చిన్న గొర్రులాంటి కర్రతో ఒక్క తిప్పు తిప్పాడు. ఆ కర్ర పేరు రోజెల్, ఇంగ్లీషు టీ అక్షరంలా ఉంటుంది. కళ్లు మూసి తెరిచేలోగా పెనం నిండా పల్చటి అట్టు.

ఓస్, ఇంతేనా అనుకున్నాను.

జనవరి నెలాఖరుకి సూపర్ మార్కెట్లలో గుమ్మంలోనే మైదా ప్యాకెట్లు, గుడ్ల అట్టలు, యాపిల్ సైడర్ సీసాలు గుట్టలు పోశారు. ఫిబ్రవరి 2 షాంద్‌లర్ పండగ. క్రిస్మస్ నుంచి లెక్కపెడితే 40వ రోజు. పసివాడైన ఏసుని ఆలయానికి తీసుకెళ్లిన రోజని చర్చిలో కొవ్వొత్తులు వెలిగిస్తారు, పండగ పేరు వచ్చింది కూడా కొవ్వొత్తుల నుంచే. ఇళ్లల్లో మాత్రం భక్తి కంటే క్రెప్‌ల సందడే ఎక్కువ. క్లాసులో అందరూ ఎవరింట్లో చేసుకుందామా అని మాట్లాడుకుంటుంటే నా నోరు ఊరుకోలేదు. "మా ఇంటికి రండి, నేను వేస్తాను. మా ఊళ్లో రోజూ వేసేవే" అన్నాను. నలుగురు ఒప్పేసుకున్నారు. రాత్రి ఎనిమిదింటికి.

పిండి కొలతలు మైదా ప్యాకెట్ వెనకే ఉన్నాయి. 250 గ్రాముల పిండి, మూడు గుడ్లు, అర లీటరు పాలు, 50 గ్రాముల వెన్న, ఒక చెంచా పంచదార, చిటికెడు ఉప్పు. ఇక్కడ మైదాకి నంబర్లుంటాయి: టీ45, టీ55, ఇలా. పిండిని కాలిస్తే ఎంత బూడిద మిగులుతుందన్నది ఆ లెక్క. నంబరు తక్కువైతే తవుడు తక్కువ, పిండి తెల్లన. టీ45 మన మైదాకి దగ్గరగా ఉంటుంది. ఇదంతా తర్వాత తెలిసింది. ఆ రోజు చేతికందిన ప్యాకెట్ తెచ్చేశాను.

గిన్నెలో పిండి మొత్తం పోసి, గుడ్లు కొట్టి, అర లీటరు పాలూ ఒక్కసారే కుమ్మరించాను. ఉండలు కట్టింది. మామూలు ఉండలు కాదు, గోలీకాయలంత. గరిటెతో గిన్నె అంచుకి నొక్కి చిదుపుతుంటే లోపల పొడి పిండి అలాగే ఉంది. విసుగొచ్చి మిక్సీలో వేసి గిరగిరా తిప్పేశాను. పైన జానెడు నురగ. ఉండలు పోయాయి కదా అని సంతోషించి నేరుగా పొయ్యి దగ్గరికి నడిచాను. అప్పటికి ఆరున్నర.

పెనం వేడెక్కింది. ఉల్లిపాయ సగానికి కోసి నూనెలో ముంచి పెనమంతా రుద్దాను. మన ఇళ్లల్లో అట్టుకి ఇది చెయ్యకుండా ఎవరూ మొదలుపెట్టరు. పిండి పోశాను, అలవాటుగా గరిటెతో చుట్టబోయాను. మొదటి చుట్టుకే గరిటె వెంట పిండి ముద్దగా లేచొచ్చేసింది. మధ్యలో చిల్లు, చుట్టూ దిబ్బలు. రెండోది గరిటె ఇంకా తొందరగా తిప్పాను. ఇంకా పెద్ద చిల్లు. మూడోది మందంగా, కొబ్బరి తురుముకోవడమే తరవాయి అన్నట్టు దిబ్బరొట్టెలా వచ్చింది. నోట్లో పెట్టుకుంటే తియ్యటి అట్టులోంచి ఉల్లిపాయ వాసన.

ఎందుకలా అయిందో ఇప్పుడైతే చెప్పగలను. మినప్పిండి చిక్కగా, పులిసి, గాలి పట్టి ఉంటుంది. గరిటె కింద జారుతూ పరుచుకుంటుంది, కాస్త టైమిస్తుంది. గుడ్లు పడిన ఈ పల్చటి పిండి వేడి పెనం తగిలిన రెండు మూడు సెకన్లలో గడ్డకడుతుంది. గడ్డకట్టినదాన్ని గరిటెతో రాస్తే చిరుగుతుంది, అంతకంటే ఏం చేస్తుంది? కానీ ఆ నిమిషంలో నాకు తోచింది ఒకటే, సెగ చాలట్లేదని. పొయ్యి చివరిదాకా తిప్పి, ఇంత వెన్న ముక్క పెనంలో పడేశాను. వెన్న నల్లబడింది, పొగ లేచింది, నెత్తిమీద అలారం కుయ్యోమంది.

ఫ్రాన్స్‌లో 2015 నుంచి ప్రతి ఇంట్లో పొగని పసిగట్టే అలారం ఉండి తీరాలి. దాని గొంతు ఎలాంటిదో నాకూ, మా బిల్డింగ్‌కీ ఆ రోజే తెలిసింది. కుర్చీ ఎక్కి తువ్వాలుతో విసురుతుంటే తలుపు చప్పుడు. పై అంతస్తులో ఉండే పెద్దావిడ. డెబ్భై దాటి ఉంటాయి. అప్పటిదాకా మా మధ్య మెట్ల మీద బోఁజూర్ తప్ప మాటల్లేవు. "ఏం కాలేదు మదామ్, క్రెప్‌లు" అన్నాను. ఆవిడ నా మొహం చూశారు, పెనం చూశారు, పక్కన పళ్లెంలో ఉన్న దిబ్బరొట్టె చూశారు. లోపలికి రావచ్చా అని కూడా అడగలేదు.

గిన్నెలో గరిటె పెట్టి పిండి ఎత్తి పోసి చూశారు. ఎప్పుడు కలిపారని అడిగారు. ఇప్పుడే అన్నాను. ఆవిడ పొడుగ్గా ఊపిరి వదిలి ఏదో అన్నారు. అందులో నాకు అర్థమైన మాట ఒక్కటే, "రెపోజే". విశ్రాంతి. పాపం నా అవస్థ చూసి కూర్చోమంటున్నారనుకుని వెళ్లి కుర్చీలో కూర్చున్నాను. ఆవిడకి నవ్వాగలేదు. విశ్రాంతి కావాల్సింది నాకు కాదట, పిండికట.

ఆ రాత్రి ఆవిడ మా వంటింట్లో రెండో పిండి కలిపారు. ఆ పద్ధతిలో కొలతలన్నీ నావే, వరస ఒక్కటే మారింది.

పిండిలో ఉప్పు, పంచదార కలిపి మధ్యలో గుంట చేశారు. గుడ్లు ఆ గుంటలో కొట్టి, మన కవ్వానికి చుట్టంలా ఉండే తీగల విస్క్‌తో మధ్యలోంచి మెల్లగా తిప్పడం మొదలుపెట్టారు. అంచుల్లో పిండి కొంచెం కొంచెంగా తనే లోపలికి జారుతుంది. అది గట్టి ముద్దలా అవుతుంటే పావు గ్లాసు పాలు. మళ్లీ నున్నగా అయ్యేదాకా తిప్పడం. మళ్లీ కాసిని. ముద్ద చిక్కగా ఉన్నప్పుడే ఉండలు చిదుగుతాయి, పల్చబడ్డాక అవి పాలల్లో ఈదుతూ తప్పించుకుంటాయి. శనగపిండి బజ్జీలకి కలిపేటప్పుడు మనం చేసేదే ఇది. ముందు చారెడు నీళ్లతో ముద్ద చేసుకుని తర్వాతే పల్చన చేసుకుంటాం. తెలిసిన పనే, ఫ్రెంచి వంట అనేసరికి బుర్రలోంచి ఎగిరిపోయింది.

చివర్లో కరిగిన వెన్న పోసి, తువ్వాలు కప్పి, గంట ఆగమన్నారు. నాకు ఇది మింగుడు పడలేదు. పులవనప్పుడు నానబెట్టడం దేనికి? సంగతేమిటంటే మైదాకి సాగే గుణం ఉంటుంది. తిప్పేకొద్దీ ఆ జిగురు బిగుసుకుంటుంది, నేను మిక్సీలో వేసి చేసిన ఘనకార్యం అదే. కాసేపు వదిలేస్తే ఆ బిగువు సడలుతుంది, పిండి రేణువులు పాలు పీల్చుకుని ఉబ్బుతాయి, నురగలో గాలి బయటికి పోతుంది. బియ్యప్పిండికి ఈ జిగురు లేదు కాబట్టి మన బియ్యప్పిండి అట్లకి ఈ గొడవ తెలియదు. గంట తర్వాత చూస్తే పిండి కాస్త చిక్కబడి ఉంది. ఆవిడ ఇంకో రెండు చెంచాల పాలు పోసి గరిటె ఎత్తి చూపించారు. గరిటె వెనక పల్చగా పూతలా పట్టాలి, దాని మీద వేలితో గీత గీస్తే గీత నిలవాలి. మన లెక్కలో చెప్పాలంటే గరిటెజారు కంటే పల్చన, మజ్జిగ కంటే చిక్కన. మీగడ కలిసిన పాలలా.

ఎనిమిదయ్యేసరికి వాళ్లు నలుగురూ వచ్చి వంటింటి గుమ్మంలో సర్దుకుని నుంచున్నారు. గొప్పలు చెప్పిన నేను పళ్లాలు తుడుస్తున్నాను.

ఆవిడ నా ఉల్లిపాయ చెత్తబుట్టలో వేసి, ఒక బంగాళాదుంప సగానికి కోసి, ఫోర్కుకి గుచ్చి, కోసిన వైపు నూనెలో అద్ది పెనానికి రుద్దారు. నాకు గుండె ఝల్లుమంది. ఎక్కడి కోనసీమ, ఎక్కడి బ్రిటనీ, అదే చెయ్యి, అదే తిప్పడం, కూరగాయ ఒక్కటే వేరు. వెన్న పెనంలో వెయ్యరట, మాడుతుంది. వెన్న పిండిలోనే ఉంది కదా, పెనానికి ఒట్టి నూనె పూత చాలు.

తర్వాత చేసిందే అసలు సంగతి. పెనాన్ని పొయ్యి మీంచి పైకి లేపేశారు. ఎడమ చేత్తో పెనం గాల్లో పట్టుకుని, కుడి చేత్తో పిండి పోస్తూనే మణికట్టు తిప్పారు. పిండి తనంతట తనే అంచు వెంబడి పరుగెత్తి గుండ్రంగా కలుసుకుంది. మిగిలిన పిండిని, చుక్క కూడా మొహమాటపడకుండా, తిరిగి గిన్నెలోకి వంపేశారు. పెనం మీద కాగితమంత పొర మిగిలింది.

నేను చూడాల్సింది అట్టు వైపు కాదని అప్పుడు తెలిసింది. మా ఊరికి కూతవేటు దూరంలో ఆత్రేయపురం. అక్కడ ఇంటింటా పూతరేకులు చేస్తారు. జయ బియ్యం నానబెట్టి రుబ్బి పాలలా పల్చగా చేసిన పిండిలో గుడ్డ ముంచి, బోర్లించిన వేడి కుండ మీద ఒక్కసారి పరిచి లాగేస్తారు. చెయ్యి పిండిని పరచదు. కుండ తనకి కావాల్సినంత పట్టుకుంటుంది, మిగతాది గుడ్డతో పాటు వెళ్లిపోతుంది. చిన్నప్పుడు గంటల తరబడి కూర్చుని చూసిన పని అది. క్రెప్ అట్టుకి చెల్లెలు అనుకుని వచ్చాను, తీరా చూస్తే రేకుకి చుట్టం.

ఆ రాత్రి నేను వేసినవి నాలుగు. మొదటిది చిరిగింది. మొదటి క్రెప్ ఎప్పుడూ పాడవుతుందని ఇక్కడ సామెతలా చెప్పుకుంటారు. మనకీ మొదటి అట్టు కాకికే కదా. రెండోది ఇండియా మ్యాప్‌లా వచ్చింది, శ్రీలంకతో సహా. ఆవిడ పక్కన నుంచుని ఒకే మాట అంటున్నారు, "దూస్‌మాఁ, దూస్‌మాఁ". మెల్లగా, మెల్లగా. నాకేమో చెయ్యి ఊరుకోదు. పిండి పొయ్యగానే గరిటె కిందికి దిగిపోతుంది. నాలుగోసారి ఆవిడ నా చేతిలోంచి గరిటె లాక్కుని టీకప్పు ఇచ్చారు. కప్పుతో చుట్లు చుట్టలేను కదా. అది ఫర్వాలేదనిపించేలా వచ్చింది.

తర్వాత రెండు మూడు నెలలు శనివారాలు నాకు ఇదే పని. పాఠాలు చదవాల్సిన టైములో అన్ని కోడిగుడ్లు కొట్టినందుకు బాధేమీ లేదు. ఆ శనివారాల్లో తేలిన విషయాలు చెప్తాను, ఇంట్లో మొదటిసారి వేసేవాళ్లకి పనికొస్తాయి.

24 సెంటీమీటర్ల పెనానికి ఒక్కోదానికి సుమారు 60 మిల్లీలీటర్ల పిండి చాలు. పైన చెప్పిన కొలతకి పద్నాలుగో పదిహేనో వస్తాయి. సెగ మధ్యస్థం కంటే ఒక పిసరు ఎక్కువ. నీటి చుక్క వేస్తే చుయ్యిమని పరుగెత్తాలి, ఆ పరీక్ష మాత్రం అట్టుదే. పిండి పోస్తే సన్నగా చప్పుడు రావాలి. చప్పుడు రాలేదంటే పెనం చల్లగా ఉంది, క్రెప్ పాలిపోయి రబ్బరులా వస్తుంది. పోసీ పొయ్యగానే బుడగలొచ్చి చిల్లులు పడితే మరీ వేడెక్కింది. మా ఇంట్లో కరెంటు పొయ్యి, నంబరు తగ్గించినా వేడి తగ్గడానికి యుగాలు పడుతుంది. అందుకే పొయ్యితో కుస్తీ మానేసి, పెనాన్నే ఎత్తి పట్టుకుని పది సెకన్లు ఊపడం నేర్చుకున్నాను. ఒక నిమిషానికి అంచులు గోధుమరంగు లేసులా అయి తమంతట తామే లేస్తాయి. పెనం ఊపితే క్రెప్ మొత్తం జారాలి. జారకపోతే ఇంకా తిప్పే టైము కాలేదన్నమాట, అట్లకాడతో గీకకండి. రెండో వైపు అర నిమిషం కూడా అక్కర్లేదు, అటువైపు ఎప్పుడూ మచ్చలు మచ్చలుగానే ఉంటుంది, అది లోపలికి మడిచే వైపు. వేసినవాటిని ఒకదానిమీద ఒకటి పేర్చి, మరిగే నీళ్ల గిన్నె మీద పళ్లెం పెట్టి పైన మూత వేస్తే ఆఖరివి అయ్యేదాకా మెత్తగా ఉంటాయి. విడివిడిగా ఆరబెడితే అప్పడాలే.

వాసన కోసం కొందరు రమ్ము పోస్తారు, కొందరు నారింజ పూల నీళ్లు. నేను పూల నీళ్లు తెచ్చుకుని ఒక చెంచాకి బదులు మూడు వేశాను. ఇల్లంతా పెళ్లి పందిట్లో పన్నీరు చల్లినట్టయింది. తినడానికి మాత్రం పనికిరాలేదు.

నా అట్ల చరిత్ర పనికిరాకపోయినా, నెయ్యి కాచిన చరిత్ర ఒకచోట ఆదుకుంది. వెన్నని కరిగించి ఊరుకోకుండా ఇంకాస్త కాచి, అడుగున గసి ఎర్రబడి కమ్మటి వాసన వచ్చే క్షణంలో దించి పిండిలో పోస్తే రుచే వేరుగా ఉంటుంది. ఇక్కడ దాన్ని హేజల్‌నట్ వెన్న అంటారు, ఆ గింజల వాసన వస్తుందని. ఆ క్షణం ఎప్పుడన్నది మదామ్ గడియారం చూసి చెప్పేవారు, నేను వాసన చూసి చెప్పేదాన్ని. "అది మీకెలా తెలుసు?" అని మొదటిసారి ఆవిడే నన్ను అడిగారు.

ఒకసారి ఉప్పులేని వెన్న కొనుక్కొచ్చినందుకు చీవాట్లు తిన్నాను. బ్రిటనీలో వెన్న అంటే ఉప్పు వెన్నే. దాని వెనక చరిత్ర ఉంది. రాజుల కాలంలో ఫ్రాన్స్‌లో చాలా ప్రాంతాల్లో ఉప్పు మీద గాబెల్ అనే పన్ను విపరీతంగా ఉండేది. బ్రిటనీకి ఆ పన్ను మినహాయింపు. పక్కన సముద్రం, ఉప్పు చవక, వెన్న నిలవ ఉండాలంటే ఉప్పు కలపాలి. మిగతావాళ్లు ఉప్పులేని వెన్నకి అలవాటు పడ్డారు. ఆ పన్ను 1790లో రద్దయింది, వీళ్ల నాలిక మాత్రం మారలేదు. వేడి క్రెప్ మీద ఉప్పు వెన్న రాసి పంచదార చల్లి నాలుగు మడతలు వెయ్యడం ఇక్కడ అన్నిటికంటే సాదా తినే పద్ధతి. చాక్లెట్ క్రీము పిల్లలకని ఆవిడ అభిప్రాయం. నాకు రెండూ ఇష్టమే, ఆవిడ ముందు ఒకటే చెప్తాను.

ఏప్రిల్‌లో నల్ల గోధుమ దగ్గరికి వచ్చాం. బ్రిటనీ తూర్పు భాగంలో ఉప్పగా తినేదాన్ని గాలెత్ అంటారు, అది ఈ పిండితోనే చేస్తారు. పేరుకి గోధుమే గానీ దానికీ గోధుమకీ సంబంధం లేదు. మన చుక్కకూర ఏ కుటుంబమో ఈ మొక్కా అదే కుటుంబం. ఉత్తరాదిలో ఉపవాసాలకి వాడే కుట్టు పిండి ఇదే. సారం లేని నేలలో కూడా మూడు నాలుగు నెలల్లో చేతికొస్తుంది, అందుకే ఒకప్పుడు ఇక్కడి పేదల కడుపు నింపింది. శనివారం పొద్దున్నే లీస్ సంతకి వెళ్తే కాల్చిన సాసేజ్‌ని గాలెత్‌లో చుట్టి కాగితంలో పెట్టి ఇస్తారు, నడుస్తూ తినెయ్యడమే. రెన్‌లో నాకు బాగా నచ్చిన టిఫిన్ అది.

ఈ పిండిలో నీళ్లు, ఉప్పు, అంతే. రాత్రి కలిపి పొద్దున్న వెయ్యాలి. జిగురు ఉండదు కాబట్టి మా పల్చటి పెనంలో వంపుతుంటే పగుళ్లిచ్చింది. నాలుగు పాడయ్యాక మదామ్ నన్ను పైకి తీసుకెళ్లి, అల్మరాలోంచి కరెంటుతో పనిచేసే ఇంటి బిలిగ్ దించి, రోజెల్ నా చేతిలో పెట్టారు. నా చెయ్యికి ప్రాణం లేచొచ్చింది. అయినా మొదటిది చిల్లే. గరిటెని నొక్కినట్టు నొక్కాను. కర్ర బరువు కర్రదే, చెయ్యి దాన్ని తిప్పితే చాలు. మధ్య మధ్యలో నీళ్లలో ముంచుతుండాలి. ఐదోదానికి పెనం అంచుదాకా గుండ్రంగా వచ్చింది. ఆవిడ ఏమీ అనకుండా దాని మీద గుడ్డు కొట్టి, చీజ్ తురుము చల్లి, నాలుగు అంచులూ లోపలికి మడిచి నా ముందు పెట్టారు. ఆ రోజు నుంచే నన్ను మీరు అనడం మానేసి నువ్వు అంటున్నారని కింద నా గదికి వచ్చాక గానీ తట్టలేదు.

ఎండాకాలం సెలవులకి ఇంటికి వెళ్లి అమ్మకి చూపించబోయాను. గంటసేపు పిండి నానబెడుతుంటేనే మొదలైంది. "ఏమే, మైదా అట్లకి ఇంత హడావిడేంటే?" ఇంట్లో ఉన్న నాన్‌స్టిక్ దోసె పెనం పొయ్యి మీద పెట్టాను. పిండి పోసి వంచాను. దానికి అంచు లేదు. పిండి మొత్తం జలపాతంలా పొయ్యి బర్నర్ మీద పడింది. ఇనప పెనానికేమో మధ్యలో పల్లం, పిండంతా అక్కడే చెరువు కట్టింది. చివరికి ఆమ్లెట్లు వేసుకునే చిన్న పాన్ కాపాడింది. మన ఇళ్లల్లో వెయ్యాలనుకునేవాళ్లు ముందు అంచున్న పెనం చూసుకోండి, తక్కినవన్నీ తర్వాత. ప్యాకెట్ పాలు చిక్కనివైతే పావు వంతు నీళ్లు కలపాలి.

అమ్మ ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుని, "నీచు వాసనే" అంది. అది నిజమే. ఇక్కడ ఎవరికీ పట్టని గుడ్డు వాసన మన ముక్కుకి ముందు తగులుతుంది. రెండోసారి నిమ్మకాయ తొక్క తురిమి కలిపి, వెన్న ఎర్రగా కాచి పోసి, రెండు వైపులా కాస్త రంగొచ్చేదాకా ఉంచాను. అప్పుడు ఒప్పుకుంది. శనివారం గుడ్డు తినని పిన్ని కోసం గుడ్డు లేకుండా కూడా ప్రయత్నించాను. పెనం మీంచి మొత్తంగా ఒక్కటీ లేవలేదు. నాన్న మాత్రం గుడ్డు వేసినవాటికి నెయ్యి రాసి పంచదార పొడి చల్లుకుని రేకులా చుట్టి ఐదు తిన్నారు. తిన్నాక, "ఇందులో పంచదార కంటే బెల్లం బాగుంటుందే" అన్నారు. బెల్లం తురుము కాస్త పొట్లం కట్టుకుని వెనక్కి తెచ్చాను. మదామ్ కళ్లు మూసుకుని తిని, ఇది ఏ చెట్టుదని అడిగారు.

మళ్లీ ఫిబ్రవరి 2 వచ్చింది. ఈసారి ఆవిడే కిందికి వచ్చారు. షాంద్‌లర్ నాడు ఎడమ చేతిలో బంగారు నాణెం పట్టుకుని, కుడి చేత్తో క్రెప్‌ని గాల్లోకి ఎగరేసి పెనంలో పట్టుకుంటే ఆ ఏడాదంతా డబ్బుకి లోటుండదట. బంగారం ఎక్కడిది, నా పర్సులో మిగిలిపోయిన పది రూపాయల బిళ్ల పట్టుకున్నాను. పెనం ఊపి చూసుకున్నాను, జారింది. మోచెయ్యి కాదు, మణికట్టు అన్నారావిడ. ఎగరేశాను. లేచింది, తిరిగింది, సగం పెనంలోనూ సగం అంచు బయటా పడి వేలాడింది.

ఆవిడ చూపుడువేలితో దాన్ని లోపలికి తోసేసి, ఖాళీ వంటింట్లో అటూ ఇటూ చూసి, "ఎవరూ చూడలేదులే" అన్నారు.